పేపర్లో పడ్డ రాజీనామా

సిరిసిల్ల బస్టాండులో కోరుట్ల బస్సు కదిలిపోతుంటే సత్యవ్వ కొంగు నడుముకు దోపుకుని పరుగెత్తి ఎక్కేసింది. ఇద్దరు పిల్లల తల్లి, కదిలే బస్సు ఎక్కడం బుద్ధెరిగాక ఇదే మొదలు.

"సావాలని ఉన్నదా అమ్మా?" అని కండక్టర్ కసిరాడు.

"సచ్చే తీరిక యాడిది? పొద్దూకేదాంక మస్తు పనున్నది" అని నవ్వేసి ముందు సీట్లో కూలబడింది.

పొద్దున ఎనిమిది గంటలు. సాయంత్రం నాలుగు లోపల ఆమె జగిత్యాలలో ఉండాలి. అంతకన్నా ముందు కోరుట్లలో దిగి, తల్లి ఇంట్లో ఒక బొంత కుట్లు విప్పాలి. భయపడాల్సిన పనే. కానీ ఎందుకో ఆమెకు చెల్లెలి పెళ్ళికి పోతున్నట్టు ఒళ్ళంతా హుషారుగా ఉంది. చెవుల్లో నాలుగు మరమగ్గాల చప్పుడు మోగుతోంది. ఇంకా తమవి కాని మగ్గాలు, తమవి కాబోయే మగ్గాలు. సిరిసిల్లలో వాటిని సాంచాలంటారు.

సంగతేమిటంటే, సత్యవ్వ భర్త ముత్యం కోరుట్లకూ జగిత్యాలకూ నడుమ ఉన్న సహకార నూలు మిల్లులో పద్నాలుగేళ్ళు పనిచేశాడు. అత్తగారింట్లోనే ఉండి, రోజూ సైకిల్ మీద పోయి వచ్చేవాడు. మిల్లు నష్టాల్లో కూరుకుపోయి మూతపడింది. ఆ తర్వాత ఆఫీసర్లు వచ్చి, స్వచ్ఛంద విరమణ అని ముద్దుగా పేరు పెట్టి, మీ అంతట మీరే పోతామని సంతకాలు పెట్టండి, ఒప్పందం ప్రకారం తలకింత ఇస్తాం అన్నారు. తాళం వేసిన గేటు ముందు నిలబెట్టి స్వచ్ఛందం అనడానికి మనిషికి ఎంత ధైర్యం ఉండాలో! అయినా అందరూ సంతకాలు పెట్టారు. పెట్టక ఏం చేస్తారు, మూసిన మిల్లు కూడు పెడుతుందా?

ముత్యం వాటా లక్షా ముప్పై నాలుగు వేలు. అంత డబ్బు అతని తాతలు కూడా కళ్ళజూడలేదు. ఆ ధీమాతోనే పెళ్ళాం పిల్లలతో సొంతూరు సిరిసిల్లకు వచ్చి గది కిరాయికి తీసుకున్నాడు. దేవుడు పంపినట్టు దేవయ్య అనే ఆయన తన నాలుగు సాంచాలు అమ్మి భీవండి పోతానన్నాడు. మోటార్లతో సహా లక్షా ముప్పై రెండు వేలు. మూడు తీసుకుంటాం అంటే వినలేదు. నాలుగూ కలిపితేనే ఇస్తానన్నాడు.

"బుధవారం పొద్దుగాల చెక్కన్న సూపియ్యుండ్రి. లేకుంటే కామారెడ్డి మనిషి బయానా పట్టుకొని కూసున్నడు, ఆయనకు ఇచ్చి బస్సెక్కుత" అని ఖరాఖండిగా చెప్పేశాడు.

ఆ నాలుగు సాంచాలు వస్తే ముత్యం ఆసామి, అంటే సొంత సాంచాలున్న మనిషి అవుతాడు. రాకపోతే మళ్ళీ ఒకడి షెడ్డులో, ఒకడి సాంచాల మీద, ఒకడు ఇచ్చిన కూలికి రోజుకు పన్నెండు గంటలు నిలబడాలి. సత్యవ్వకు ఈ రెండిటి మధ్య తేడా ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆమె తండ్రి అట్లా నిలబడి నిలబడి పోయినవాడే.

ఇక పన్ను సంగతి. నౌకరి ఇట్లా వదులుకున్నందుకు ఇచ్చే డబ్బు మీద ఐదు లక్షల దాకా సర్కారు ఆదాయపు పన్ను వేయదు. కాకపోతే ఆ మనిషికి పదేళ్ళ సర్వీసన్నా ఉండాలి, నలభై ఏళ్ళ వయసన్నా నిండాలి. ముత్యానికి ముప్పై ఎనిమిది. వయసు లెక్క కుదరదు. సర్వీసు పద్నాలుగేళ్ళు కాబట్టి దానికేం ఢోకా లేదని అందరూ అనుకున్నారు, సోమవారం సాయంత్రం మిల్లు లెక్కలు తేల్చే జగిత్యాల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చేదాకా.

'మీరు 1993 సెప్టెంబరులో పత్రికా ప్రకటన ద్వారా మిల్లు ఉద్యోగానికి రాజీనామా చేసినట్టు ఫైలులో ఉన్నది. మీ సర్వీసు అక్కడితో తెగిపోయింది. ఆ తర్వాతి సర్వీసు పదేళ్ళు లేనందున పన్ను మినహాయింపు వర్తించదు. పద్నాలుగు వేల ఎనిమిది వందల రూపాయలు పన్ను కింద మినహాయించి ఏప్రిల్ ఏడున బ్యాంకులో జమ చేస్తాము. అభ్యంతరం ఉంటే అదే రోజు సాయంత్రం నాలుగు గంటలలోగా ఆధారంతో హాజరు కావాలి.'

ఏప్రిల్ ఏడంటే మంగళవారం. అంటే తెల్లారితేనే. ఒకసారి బ్యాంకులో పడ్డ పన్నును వెనక్కి రప్పించాలంటే కాగితాలు దాఖలు చేసి, ఏడాదో ఏడాదిన్నరో ఎదురుచూడాలి. దేవయ్య గంట కూడా ఎదురుచూసే రకం కాదు.

రాజీనామా మాట అబద్ధమా అంటే, కాదు. అదే చిక్కు. పేపర్లో పడింది, ముత్యం పేరుతోనే, బొమ్మతో సహా.

ఆ రోజుల్లో ఆ పక్క జిల్లా పేజీ తిప్పితే సగం రాజీనామాలే ఉండేవి. గోడ మీద ఎర్ర అక్షరాల పోస్టర్ పడేది, ఫలానావాడు ఫలానా పదవి వదలాలి అని. పడ్డ మూడో రోజుకు ఆ ఫలానావాడు విలేకరి దగ్గరికి పరుగెత్తేవాడు. పేపర్లో ప్రకటన వచ్చేది. దళంవాళ్ళు చదివేవాళ్ళు, ఆ మనిషికి ప్రాణం కుదుటపడేది. మరునాటి నుంచి ఎవరి పని వాళ్ళు చేసుకునేవాళ్ళు. రాజీనామా ఇచ్చిన సర్పంచే సంతకాలు పెట్టేవాడు, రాజీనామా ఇచ్చిన డీలరే బియ్యం తూచేవాడు. అది చూసి ఊళ్ళో ఒక్కరూ ముక్కున వేలేసుకునేవాళ్ళు కాదు. ఆ ప్రకటన అడవిలో ఉన్నవాళ్ళు చదువుకోవడానికి గానీ ఊళ్ళోవాళ్ళు నమ్మడానికి కాదని పసిపిల్లలకు కూడా తెలుసు. హైదరాబాదులో కూచుని మిల్లు ఫైళ్ళు చూసే ఆడిటర్‌కు మాత్రం తెలియదు. ఆయన పేపర్లో ఉన్నదంతా నిజమే అనుకున్నాడు, మహానుభావుడు.

ముత్యం అప్పుడు మిల్లు యూనియన్‌కు కార్యదర్శి. 'మేనేజ్‌మెంట్ తొత్తు ముత్యం యూనియన్ వదలాలి, మిల్లు వదలాలి' అని గేటు పక్కన పోస్టర్ పడింది. రెండూ వదులుతున్నానని పేపర్లో వేయించాడు. మరునాడు పొద్దున అదే టిఫిన్ డబ్బా, అదే సైకిల్, అదే మొదటి షిఫ్టు. నాలుగు రోజులకు ఎవరో ఒక చిట్టీ తెచ్చి ఇంట్లో పడేసి పోయారు. 'ప్రకటన చూశాం. నాయకత్వం వదిలావు కాబట్టి కార్మికుడిగా మిల్లులో పనిచేసుకోవడానికి అభ్యంతరం లేదు' అని ఎర్ర సిరాతో రాసి, తేదీ వేసి, కింద ముద్ర కొట్టి ఉంది. దాన్ని అత్త పోచవ్వ తీసుకుని ఎక్కడో దాచింది.

మిల్లులో ఎవడో పనిలేని గుమాస్తా ఆ ప్రకటన కత్తిరించి ముత్యం ఫైలులో అంటించాడు. మరుసటి ఏడు మిల్లు ఆఫీసు తగలబడి హాజరు పుస్తకాలన్నీ బూడిదయ్యాయి. ముత్యం ఖర్మకు ఆ ఫైళ్ళు మాత్రం ఇంకో గదిలో ఉండి చెక్కుచెదరలేదు. పనిచేసిన గుర్తులన్నీ పోయి, మానేశానని చెప్పిన ముక్క ఒక్కటి మిగిలింది.

సోమవారం సాయంత్రం ఉత్తరం చదివి ముత్యం గోడకు చేరగిలబడిపోయాడు.

"మానేసిన అని పేపర్ల ఏసింది నేనే. మానలేదని గిప్పుడు ఎట్ల చెప్పాలె? మిల్లు ఇచ్చిన కాయితాలు ఇల్లు మారేటప్పుడు యాడ పోయినయో ఒక్కటి దొరుకుతలేదు" అన్నాడు.

సత్యవ్వ ఒక్క నిమిషం ఆలోచించింది. ఆలోచించి చటుక్కున లేచి నిలబడింది.

"నీతోని రాజీనామా ఇప్పిచ్చినోళ్ళే పని చేస్కో అని రాసియ్యలేదా? తేదీ ఏసి, ముద్ర కొట్టి? అంతకన్న పెద్ద ఆధారం ఏముంటది?"

ముత్యం ఆమె చెయ్యి పట్టి కూచోబెట్టాడు. "పిచ్చి లేసిందానే నీకు? గా చిట్టీ పోలీసోళ్ళ కండ్ల పడ్డదంటే నన్ను బొక్కల ఏస్తరు!"

"కండ్ల పడనిస్తెనే గద."

దళం చిట్టీని ఆధారమనడం నవ్వొచ్చే మాటే గానీ ఆ ఏళ్ళలో అది నవ్వే మాట కాదు. మిల్లు మేనేజర్ సంతకానికి లేని విలువ ఎర్ర సిరా చిట్టీకి ఉండేది. వాళ్ళు అవునంటే అవును, కాదంటే కాదు. మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ ఆధారం అనగానే ఆ చిట్టీ తప్ప మరొకటి తోచలేదు.

ముత్యం పోవడానికి వీలులేదు. పాత యూనియన్ మనిషని ప్రతి మంగళవారం స్టేషన్‌లో సంతకం పెట్టాలి. సంతకం నిమిషం పని, కూచోబెట్టడం మధ్యాహ్నం దాకా. అందుకని ఒక తెల్లకాగితం మీద 'నా బదులు నా భార్య వస్తుంది' అని రాసి సంతకం చేసి ఇచ్చాడు. అట్లా సత్యవ్వ కదిలే బస్సెక్కింది.

వేములవాడ, రుద్రంగి దాటి బస్సు కోరుట్ల చేరేసరికి పదిన్నర. పోచవ్వ అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. కూతురు చెప్పింది వినీ వినగానే చాట పక్కకు పెట్టి, ఆమెను లోపలికి తీసుకుపోయి తలుపు గొళ్ళెం వేసింది.

"అద్దు బిడ్డా. పైసలు పోతే పోనీ. మనిషుంటే మల్ల కమాయిస్తడు."

"మనిషుండి ఏం జేస్తడు అవ్వా? బాపు లెక్క మందికాడ నిలవడతడు. నిలవడి నిలవడి కాళ్ళు ఉబ్బి పోతడు. నువ్వు సూడలేదా?"

పోచవ్వ మంచం మీది బొంత లాగి, ఒక మూల తడిమి, బీడీల ఆకు కత్తిరించే కత్తెరతో కుట్లు పటపటా తెంపింది. దూది మధ్య నుంచి అగ్గిపెట్టెంత పొట్లం తీసి బిడ్డ చేతిలో పెట్టింది.

"ముందుగాల పెంకుల కింద పెట్టిన. తర్వాత మనూళ్ళె పోలీసోళ్ళ క్యాంపు పడ్డది గద, గప్పుడు తీసి గిండ్ల కుట్టిన. చిట్టీ పలచగుండే, చినుగుతదని అల్లుని డబ్బల ఉన్న మందం కాయితం ఒకటి సుట్టిన. మూడేండ్ల సంది గీ బొంత మీదనే పంటున్న బిడ్డా. ఒక్కనాడు కంటినిండ నిద్రవోలె."

సత్యవ్వ పొట్లం విప్పి చూసింది. పైన మందపాటి అచ్చు కాగితం, అంతా ఇంగ్లీషు. ఆమె చదివింది ఐదు, అదీ తెలుగు. దాన్ని పట్టించుకోలేదు. లోపల ఎర్ర సిరా చిట్టీ నిన్న రాసినట్టు మెరుస్తోంది. తేదీ ఉంది, ముద్ర ఉంది. సత్యవ్వకు ఆనందంతో అరవాలనిపించింది. మళ్ళీ అట్లాగే చుట్టి జాకెట్లో దోపుకుంది. కొండగట్టు అంజన్నకు టెంకాయ మొక్కుకుంది. తల్లి పెట్టిన సద్దిగటక రెండు గుటకల్లో తాగి బస్టాండుకు పరుగు తీసింది.

జగిత్యాల బస్సు అంత సులువుగా దొరకలేదు. ఒకటి రాలేదు, ఒకటి వచ్చి ఆగలేదు. మధ్యాహ్నం రెండు గంటలు దాటాక వచ్చిన మూడోదాన్లో ఎట్లాగో చొరబడింది. పక్క సీట్లో ఒక పెద్దావిడ, పేరు బాలవ్వ అని అడక్కముందే చెప్పింది. ఒళ్ళో ఆకువక్కల సంచి. మనవరాలి పురుడుకు పోతోందట. ఆడపిల్ల పుడితే అంజవ్వ, మగపిల్లాడు పుడితే అంజయ్య అని పేర్లు కూడా పెట్టేసింది. సత్యవ్వకు ఆమె మాటలు ఒకటి వినిపిస్తే రెండు వినిపించడం లేదు. నాలుగు సాంచాలను షెడ్డులో ఎటు తిప్పి పెట్టాలా అని ఆమె లెక్క ఆమెది.

సగం దారిలో బస్సు కీచుమని ఆగింది.

"అందరు దిగుండ్రి! సంచులు తీస్కొని దిగుండ్రి!" అని కింద నుంచి కేక. కిటికీలోంచి చూస్తే రోడ్డుకు అడ్డంగా డ్రమ్ములు, ఇటు పది మంది అటు పది మంది పోలీసులు. ఆడవాళ్ళను తడమడానికి ఒక ఆడ కానిస్టేబుల్ కూడా ఉంది.

సత్యవ్వ చెయ్యి జాకెట్ మీదికి పోయింది. చిట్టీ జాకెట్లో ఉంది. ఆ కానిస్టేబుల్ సరిగ్గా జాకెట్లోనే చెయ్యి పెట్టి చూస్తోంది. కిటికీలోంచి పారేద్దామా అంటే కిటికీ కిందనే ఒక పోలీసు నిలబడ్డాడు. సీటు కింద పెడితే బస్సెక్కి వెతుకుతారు. ముందు సీట్లవాళ్ళు దిగుతున్నారు. ఐదుగురు. నలుగురు.

బాలవ్వ అప్పుడే ఒక ఆకుకు సున్నం రాస్తోంది. సత్యవ్వ పొట్లం బయటికి లాగి, చిట్టీ తీసి, ఆ ఆకు లాక్కుని, మధ్యలో చిట్టీ పెట్టి మడిచి నోట్లో కుక్కుకుంది.

బాలవ్వ చూసింది. అంతా చూసింది. ఆ పక్క పల్లెల్లో అరవై ఏళ్ళు బతికిన మనిషికి విడమరిచి చెప్పాలా? సంచిలోంచి వక్కపలుకులు తీసి సత్యవ్వ నోట్లో వేసింది.

"నములు చెల్లె. మంచిగ నములు. వట్టి కాయితం చేతిల వెట్టుకుంటె ఏందని అడుగుతరు, ఇటియ్యి." చుట్టిన కాగితం అందుకుని, అందులో రెండు ఆకులు పెట్టి చకచకా పొట్లం కట్టి సత్యవ్వ చేతికిచ్చింది.

సత్యవ్వ నమిలింది. పద్నాలుగు వేల ఎనిమిది వందలు నమిలింది. నాలుగు సాంచాలు నమిలింది. కానిస్టేబుల్ ముందుకు వచ్చేసరికి మింగేసింది. ఆమె జాకెట్టూ కొంగూ తడిమి, "చేతిల ఏంది?" అంది. సత్యవ్వ పొట్లం విప్పి చూపించింది. కానిస్టేబుల్ ఒక ఆకు తీసుకుని తన నోట్లో వేసుకుని, "ఎక్కు" అంది.

బస్సు కదిలాక సత్యవ్వకు ఏడుపు ముంచుకొచ్చింది. దాచుకోలేదు, వెక్కి వెక్కి ఏడ్చింది. బాలవ్వ వీపు నిమిరింది గానీ ఎందుకేడుస్తున్నావని అడగలేదు. మధ్యలో దిగి తిరిగిపోదామని కూడా అనిపించింది. కానీ జగిత్యాల దగ్గరపడుతున్నకొద్దీ సత్యవ్వకు మొండితనం పెరిగింది. ఇంతదూరం వచ్చింది. ఆధారం లేకపోతే లేదు, నోరుంది గదా. కాళ్ళు పట్టుకునైనా అడుగుతానని తీర్మానించుకుంది.

ఆఫీసు ఒక బట్టల దుకాణం పైన ఉంది. మెట్లెక్కేసరికి గోడ గడియారంలో మూడూ ఇరవై. అకౌంటెంట్ రాజలింగం బల్ల మీద చెక్కులు రెండు వరసలుగా పేర్చి ఉన్నాయి. ఒక వరస కార్మికులకు, ఇంకోటి పన్నుకు. మనిషి సన్నగా, కళ్ళద్దాలతో, ఎర్రకలం చెవిలో పెట్టుకుని ఉన్నాడు. సత్యవ్వ మొగుడు రాసిచ్చిన కాగితం అందిస్తే చదివాడు.

"ముత్యం భార్యవా? సరే కూసో. ఆధారం తెచ్చినవా?"

"తెచ్చిన సారూ."

"ఏది?"

"తిన్న."

రాజలింగం కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఏంది?"

సత్యవ్వ ఇక ఆగలేదు. పోస్టరు, ప్రకటన, చిట్టీ, పెంకులు, బొంత, పోలీసులు, ఆకు, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. చెప్పాక, చెప్పకూడనిది చెప్పానేమో అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రాజలింగం లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. కోపమేమో అనుకుంది. అతను నవ్వుతున్నాడు.

"తినుడే మంచిగైంది. గది నా బల్ల మీద వెట్టి ఉంటే మీ ఆయిన లోపలికి, ఆయిన ఎనుక నేను. ఇగ రాజీనామా సంగతంటవా? నాది మల్లాపూర్. మా బాపు సర్పంచిగిరికి గట్లనే పేపర్ల రాజీనామా ఇచ్చిండు. ఇచ్చినంక రెండేండ్లు సంతకాలు వెట్టిండు." నవ్వు ఆపి తల పట్టుకున్నాడు. "నాకు ఎరుకే అమ్మా. కని ఆడిటర్‌కు ఎట్ల చెప్పాలె? ఆయన కాయితం అడుగుతడు. కాయితం లేకుంట ఎర్రకలం పెడితే నా నౌకరి పోతది."

గడియారం మూడున్నర దాటింది. బ్యాంకుకు పోయే మనిషి తలుపు తోసి తొంగి చూశాడు. పది నిమిషాలు ఆగమన్నాడు రాజలింగం. సత్యవ్వ చేతులు జోడించింది. ఆమె మొహం చూడలేక అతను కిటికీ వైపు తిరిగాడు.

"చేతిల ఆకుల పొట్లమేనా? ఒకటుంటే ఇటియ్యి చెల్లె. పొద్దటి సంది గీ పన్నుల తోని నోరు చేదైంది."

సత్యవ్వ పొట్లం అందించింది. అతను విప్పి, మిగిలిన ఒక్క ఆకు తీసి నోటిదాకా తీసుకుపోయాడు. అక్కడే చెయ్యి ఆగిపోయింది. ఆకు బల్ల మీద పెట్టేశాడు. కాగితం మడతలు ఒక్కొక్కటీ విప్పి, అరచేత్తో బల్లకేసి సాపు చేశాడు.

"గిదేంది?"

"చిట్టీకి సుట్టిన కాయితం సారూ. మా అవ్వ సుట్టింది."

"సుట్టిన కాయితమా?" రాజలింగం కుర్చీలోంచి లేచిపోయాడు. "ఓ తల్లీ! నువ్వు తిన్నది ఉత్త చెత్త! కాయితమంటే గిదీ!"

సత్యవ్వకు ఏమీ అర్థం కాలేదు. అతని గొంతు విని ఆమె కూడా లేచి నిలబడింది.

"ప్రావిడెంట్ ఫండ్ చీటీ. సర్కారు ఇచ్చింది. ఏ ఏడుది? తొంబై మూడు ఏప్రిల్ నుంచి తొంబై నాలుగు మార్చి. మీ ఆయిన జీతంల నుంచి ఏడాదంత పట్టుకున్నది ఎంత? వెయ్యిన్నీ ఆరు వందల ఎనభై. అప్పుడు నెలకు పట్టేది నూటనలభై, అది నాకు నోటికొచ్చు." ఎర్రకలం తీసి ఒక తుక్కు కాగితం మీద భాగించాడు. "పన్నెండు! సరిగ్గ పన్నెండు నెలలు! సెప్టెంబర్ల మానేస్తే ఆరు నెలలన్న తగ్గాలె. ఒక్క నెల తగ్గలేదు. ఆగు, ఆగు, నంబర్ సూడనీ." ఫైలు తెరిచి ముత్యం ఇప్పటి పీఎఫ్ నంబరు పక్కన వేలు పెట్టాడు. "అదే నంబరు! మానేసి మల్ల చేరితే కొత్త నంబర్ ఇస్తుండిరి. సర్వీసు తెగలేదు. తెగనే లేదు!"

"అంటే పన్ను?"

"పన్ను లేదు, గిన్ను లేదు."

సత్యవ్వ ఏమన్నదో ఆమెకే గుర్తులేదు. బల్ల అవతలి మనిషి చేతులు రెండూ పట్టుకుని ఊపేసింది. ఎన్నడూ పరాయి మగవాణ్ణి ముట్టుకోని మనిషి. మూడేళ్ళు బొంతలో దాచింది వేరు, ఇప్పుడు బతికించింది వేరు. ప్రాణంలా కాపాడుకున్న ఎర్ర సిరా కడుపులో కలిసిపోయింది. చినగకుండా చుట్టిన ముక్క, ఆకులకు పొట్లం కట్టిన ముక్క, నాలుగు సాంచాలు తెచ్చింది.

రాజలింగం పన్ను చెక్కుల్లోంచి ఒకటి లాగి రెండు ముక్కలు చేశాడు. ఫైలులో అంటించిన పేపరు ముక్క మీద ఎర్రగా అడ్డగీత కొట్టి, పక్కన 'సర్వీసులో విరామం లేదు, మినహాయింపు వర్తిస్తుంది' అని రాసి, పీఎఫ్ చీటీ దానిమీద పిన్ను చేశాడు. సున్నం మరక దాని మీద అట్లాగే ఉంది. పక్కగది ఆఫీసర్ చదివి, రెండు ప్రశ్నలు అడిగి, సంతకం పెట్టాడు. మరకేంటని మాత్రం అడగలేదు. నాలుగుకు ఐదు నిమిషాలుండగా కొత్తగా రాసిన లక్షా ముప్పై నాలుగు వేల చెక్కు సత్యవ్వ చేతిలో పడింది.

సిరిసిల్ల బస్టాండులో ముత్యం సాయంత్రం ఐదు నుంచి నిలబడి ఉన్నాడు. ఏడుకు బస్సు వచ్చింది. దిగుతున్న పెళ్ళాం మొహం చూడగానే అతనికి సంగతి అర్థమైపోయింది. ఇద్దరూ ఇంటికి పోలేదు, నేరుగా దేవయ్య షెడ్డుకు పోయారు. దేవయ్య చెక్కును బల్బు వెలుగులో మూడు సార్లు చదివాడు. అంకెలు ఒకసారి, అక్షరాలు ఒకసారి, ఆఫీసర్ సంతకం ఒకసారి. చదివి, నడుముకున్న తాళాల గుత్తి తీసి సత్యవ్వ చేతిలో పెట్టాడు. ముత్యం చేతిలో కాదు.

"తెచ్చినోళ్ళ చేతికే ఇయ్యాలె" అని, వాళ్ళను అక్కడే వదిలి మూటలు కట్టుకోవడానికి పోయాడు.

షెడ్డులో ఇద్దరే మిగిలారు. ముత్యం వెనక్కి తిరిగి చూసి గొంతు తగ్గించాడు.

"చిట్టీ ఏది? మల్ల అవ్వకే ఇచ్చినవా?"

"తిన్న."

"నిజం చెప్పు."

"నిజమే. ఆకుల పెట్టుకొని తిన్న. నిన్ను బతికిచ్చింది గది కాదయ్యా. అవ్వ దానికి సుట్టిన పీఎఫ్ కాయితం." అని జరిగిందంతా చెప్పింది.

ముత్యం సాంచా చెక్క మీద కూలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలియడం లేదు. ఐదేళ్ళుగా ఒకటే బెదురు. చిట్టీ దొరికితే పోలీసుల చేత చావు, అది పోయాక అడవిలోవాళ్ళు మాట తప్పితే వాళ్ళ చేత చావు.

"అయితె నేను పని చేస్కోవచ్చని రాసిన కాయితం గిప్పుడు యాడ లేదన్నట్టు" అన్నాడు మెల్లగా.

"ఇగ గా కాయితం ఎందుకు నీకు? సాంచాలు మనయి. ఎవ్వలు రాసియ్యాలె నీకు పని చేస్కో అని?"

ముత్యం లేచాడు. కళ్ళు తుడుచుకుని, ఒక్కొక్క సాంచా దగ్గరికి పోయి చేత్తో తడిమి, చివరికి మొదటి మోటారు స్విచ్చి వేశాడు. షెడ్డు దడదడలాడింది. రెండోది, మూడోది, నాలుగోది కూడా వేశాడు. ఆ చప్పుడులో సత్యవ్వ అతని చెవి దగ్గరికి పోయి ఏదో అరిచింది.

"ఏంది?" అన్నాడు.

"రేపు పొద్దుగాల్నే కోరుట్లకు ఫోన్ చెయ్యాలె. బొంతల ఇగ ఏం లేదు, కంటినిండ పండుకొమ్మని అవ్వకు చెప్పాలె" అంది సత్యవ్వ, ఇంకా గట్టిగా.